అటకెక్కిన అగ్ని: ఒక పంపు స్టవ్వు ఆత్మకథ

రాజమహేంద్రవరమున కోటగుమ్మము దాపున, రోడ్డు ప్రక్క గోనెపట్టా పరచుకొని స్టవ్వులు బాగుచేయు సాయిబుగారి ముందు, కాలు విరిగిన వత్తుల స్టవ్వులకును చిమ్నీ పగిలిన లాంతరులకును నడుమ, ఒక ప్రక్కకు ఒరిగి కూర్చున్న ఇత్తడి ముద్దను మీరెప్పుడైనను చూచియుందురు. చూచియు చూడనట్లు పోయియుందురు. ఆ ముద్దను నేనే. పొట్టమీద రెండు సొట్టలును, మూతినిండ మసియు, పంపులో వాషరు లేని డొల్లతనమును చూచి, ఇది యొకనాడు నీలజ్వాలతో గర్జించి గదినెల్ల దద్దరిల్లజేసిన వస్తువని యెవరును అనుకొనరు. అనుకొనవలెనని నేనును పట్టుపట్టను. కాని నన్నీ గోనెపట్టా మీదికి తెచ్చినది ముసలితనము కాదు, మొలకెత్తిన పెసలు. ఆ కథ చెప్పుకొననిదే నా కడుపుమంట చల్లారదు. మంటయే లేని దానికి కడుపుమంట ఎక్కడిదని మీరు నవ్వినను సరే.

నేనే కార్ఖానాలో పుట్టితినో నాకు తెలియదు. నా నుదుట చెక్కిన అక్షరములు చింతపండుతో తోమగా తోమగా ఏనాడో అరిగిపోయినవి. వంశము మాత్రము గొప్పది. 1892లో స్వీడను దేశమున లిండ్‌క్విస్టు అను నతడు, వత్తి యక్కరలేకుండ కిరసనాయిలును ఆవిరిగా మార్చి మండించు పొయ్యిని కల్పించెను. ప్రైమసు అని పేరుపడిన ఆ పొయ్యి సంతతివారమే మేమందరము. 1953 మే నెలలో ఎవరెస్టు శిఖరమునకు దిగువ గుడారములో, హిల్లరీగారి బూట్లు రాత్రికి రాత్రి గడ్డకట్టి రాయివలె బిగిసిపోగా, తెల్లవారి వానిని మా దాయాది మంటమీదనే కాచి మెత్తపరచుకొని, ఆ పిమ్మటనే ఆయనయు టెన్సింగుగారును శిఖరమెక్కిరి. బూట్లు కాచుట యొక గౌరవమా యని అడుగకుడు. అంత యెత్తున గౌరవాగౌరవముల విచారణ ఉండదు.

నన్ను నరసాపురములో ఒక బడిపంతులుగారు 1947 వర్షాకాలమున కొనిరి. ఇంట పసిబిడ్డ కలడు. అర్ధరాత్రి వాడు పాలకేడ్చినచో, తడిసిన పిడకలతో పొయ్యి రాజేయలేక ఆ యిల్లాలు కన్నీరు పెట్టుకొనెడిది. నేను వచ్చిననాటినుండి మా యిద్దరికిని ఒక నియమము ఏర్పడెను. ఆమె నా బర్నరు క్రిందనున్న గిన్నెలో ఉద్ధరిణెడు స్పిరిటు పోసి వెలిగించును. బర్నరు కాగులోపల గాలిమర బిగించి, ఎడమచేత నా పొట్ట నదిమిపట్టి, కుడిచేత పంపు కొట్టును. తోలు వాషరు గొట్టములో చుస్సు చుస్సుమని గాలిని నెట్టగా, కిరసనాయిలు పైకెక్కి, కాగిన గొట్టములలో ఆవిరియై, సూదిబెజ్జమంత నిపిలునుండి వెలువడి, నీలిమంటయై గర్జించును. ఆ గర్జన వినినంతనే, పాలింకను కాగకముందే, బిడ్డ యేడుపు మానెడివాడు. వాని పాలును, ఉగ్గునీళ్లును, ఏడవయేట వానికి టైఫాయిడు జ్వరము వచ్చినప్పుడు మూడువారములపాటు కాచిన సగ్గుబియ్యపు జావయు, అన్నియు నామీదనే. తల్లి, తండ్రి, నేను. వానిని పెంచినవారము ముగ్గురము.

1965 జూలైలో వాడు ఆర్ట్సు కళాశాలలో బి.ఏ. చేరి, ఇన్నీసుపేటలో ఒక మామ్మగారి పెంకుటింట వీధిగది అద్దెకు తీసికొనినప్పుడు, ట్రంకుపెట్టెతోను పరుపుచుట్టతోను నేనును వచ్చితిని. గదిలో మరి యిద్దరు కలరు. అమలాపురము అబ్బాయి తిండిపుష్టి కలవాడు; తుని అబ్బాయి వృక్షశాస్త్రము చదువుచు, కనబడినదానికెల్ల ‘ఎందుచేత?’ అను రోగము తగిలించుకొనినవాడు. నా సేవ ముగ్గురకును సమానము. నా పోషణ ముగ్గురిలో నెవరికిని పట్టదు. పాలు పొంగించినవాడే తుడువవలెనని గోడకు కాగితమంటించిరి గాని, పొంగించినది తానని యెవడును ఒప్పుకొనిన పాపమున పోలేదు. నిపిలులో నలక చిక్కినప్పుడు సన్నని స్టవ్వుపిన్నుతో పొడువవలసియుండగా, అమలాపురము అబ్బాయి పెరట దొరకిన తలపిన్నును దూర్చి గిరగిర త్రిప్పెను. ఆ దెబ్బతో బెజ్జము సాగి, నీలిమంట పచ్చబడి, గిన్నెలు మసిబారగా, స్టవ్వు చెడిపోయినదని ముగ్గురును ఏకకంఠముగ నన్నే నిందించిరి.

అయినను పూటపూటకు మ్రోగుచునే యుంటిని. నా మెడకు ఉచ్చు బిగిసినది గౌతమీ గ్రంథాలయములో. దసరా సెలవులు వెళ్లిన పిమ్మట మావాడు, అనగా నరసాపురము అబ్బాయి, అచ్చట యంగ్ ఇండియా పత్రిక పాతసంచికలు తిరుగవేయుచు, 1929 జూన్ నెలలో మహాత్ముడు నిప్పు సోకని తిండిని గూర్చి వ్రాసిన వ్యాసమును చదివెను. ఆ వేసవిని మహాత్ముడు ఆంధ్రదేశమున పర్యటించుచుండగా, ప్రకృతివైద్యులైన సుందరం గోపాలరావుగారు, రోగము తొలగవలెనన్న వంటలో అగ్నినే తొలగింపవలెనని ఆయనకు బోధించిరట. ఆయనయు ఆ ప్రయోగమును వెంటనే ఆరంభించి, మొలకెత్తిన గోధుమలు 8 తులములు, బాదం ముద్ద 8 తులములు, నూరిన ఆకుకూర 8 తులములు, పుల్లని నిమ్మకాయలు 6, కొంచెము తేనె యని లెక్కతో సహా ప్రకటించిరి. ఆ గోపాలరావుగారిది ఏ యూరనుకొంటిరి? ఈ రాజమహేంద్రవరమే! మహాత్మునికి సలహా చెప్పిన యూరిలో నుండి యీ ముష్టి సాంబారు తినుచుంటినే యని మావాడు ఆ రాత్రి నిద్రపోలేదు.

“ఒరే, రేపట్నుంచి నేను ఉడికింది ముట్టను. నిప్పు తగిలిందంటే తిండికి ప్రాణం పోయినట్టే.”

“మరి కాఫీ?” అని అమలాపురము అబ్బాయి గుండె చేతబట్టుకొని యడిగెను.

“కాఫీ అసలే వద్దు.”

“అయితే ప్రాణం పోయేది తిండికి కాదురా, నాకు.”

నిప్పు విషమని మావాడు వక్కాణించుచుండగా నేను వాని మోకాలికి జానెడు దూరమున, వేడి చల్లారక, కూర్చుండియుంటిని. నేను పలుకనేరను గాని, పలుకనేర్చినచో ఆ టైఫాయిడు సంగతి యొక్కటి జ్ఞాపకము చేసియుందును. ఆ శరత్తులోనే ధాన్యపు కొరతను బట్టి ప్రధాని శాస్త్రిగారు సోమవారము రాత్రి భోజనము మానుడని దేశమును వేడిరి. అమలాపురము అబ్బాయియు మూడు సోమవారములు పకోడీలతో ఆ వ్రతమును నెరపెను. మావాడు వారమునందలి యేడు దినములకును దానిని విస్తరింపజేసెను. మామ్మగారు గడపలో నిలిచి, “అదేం తిండి నాయనా, మీ అమ్మకి ఉత్తరం రాయించనా?” అనిరి. “ఇది ప్రకృతి ధర్మం మామ్మగారూ,” అని వాడనెను. “ప్రకృతికేం నాయనా, దానికి పరీక్షలు లేవుగా,” అని ఆమె లోపలికి పోయిరి.

మహాత్ముని లెక్క విద్యార్థి జేబులో పట్టలేదు. బాదం పప్పు వేరుసెనగపప్పయ్యెను, తేనె బెల్లమయ్యెను. కిటికీ ఊచకు, మొలకలకై పెసలు కట్టిన తడిగుడ్డ మూటలు వ్రేలాడుచు తుని అబ్బాయి నోటుపుస్తకములమీద బొట్లు బొట్లుగ కారుచుండెను. ముసురుపట్టిన రెండునాళ్లు ఆ మూటలనుండి వెలువడిన పులిసిన కంపును వర్ణింప నా తరము కాదు. వాడు రాత్రి పదిగంటలకు ఆకలికి లేచి పచ్చి క్యారెట్టు కరకర నములుచుండ, తక్కిన యిద్దరును దుప్పటి చెవులకు చుట్టుకొనెడివారు. ఉమ్మడి ఖర్చులో కిరసనాయిలుకు తన వాటా తిరిగి యిమ్మని వాడును, నీ వేరుసెనగకు మా డబ్బెందుకని వారును మూడునాళ్లు తగవులాడి, తుదకు వింతగా రాజీపడిరి. వండువాని వంతులు మూడింటిలో నొకటి పోవుటచే మిగిలిన యిద్దరకు పని పెరిగెను. పని తప్పించుకొనుటకై వారును ఒక మండలము దీక్షపట్టెదమనిరి. అది తత్త్వము కాదు, సోమరితనము. పగలు దీక్ష, సాయంకాలము కాఫీహోటలు! అమలాపురము అబ్బాయి వ్రేళ్లకు సాంబారు వాసన వచ్చుచుండుట నేనెరుగుదును.

పచ్చి తిండిపై నాకు ఈర్ష్య కలదని తలపకుడు. శ్రీరామనవమినాడు వడపప్పు, పానకము, శ్రావణమాసపు పేరంటములలో నానిన సెనగలు, ఎండాకాలమున తాటిముంజెలు. ఆ దినములలో నేను హాయిగ విశ్రమించెడిదానను. పంతులుగారి యిల్లాలు నవమినాడు నన్ను తోమి, మూలనుంచి, “ఇవాళ నీకు సెలవే,” అనెడిది. సెలవు వేరు, బర్తరపు వేరు.

నన్ను అటకమీద పెట్టినవాడు మావాడే. పెట్టునప్పుడు లోపలి కిరసనాయిలు వంచవలెననిగాని, పంపుకడ్డీకి చుక్కనూనె వేయవలెననిగాని వానికి తోచలేదు. పెంకుల సందులనుండి మధ్యాహ్నపుటెండ నా వీపుమీద పడును. రాత్రులు ఎలుకలు నామీదుగ నడుచును. ఒక బల్లి నా బర్నరు కిరీటములో గ్రుడ్లు పెట్టెను. క్రిందనుండి వారి మాటలు వినబడుచుండెను. ఒక్కొక్కనాడు తలుపు చప్పుడైనప్పుడు నిచ్చెన తెచ్చుచున్నారేమోయని యాశపడెడిదానను. నాలోపల జరుగుచున్నది యేదియు పైకి కనబడునది కాదు. నా పంపుకడ్డీ చివర, చిన్న గిన్నెవలె నుండు తోలు వాషరు, నూనెతో మెత్తగ నున్నంతకాలము గొట్టము గోడలకు ఒరసికొని గాలిని జారనీయదు. నూనె యెండినచో ముడుచుకొని బిగిసికొనును. ప్రతిదినము కదలు దానికి ఆ భయము లేదు. కదలక యుండుటయే దానికి మృత్యువు. నాలుగువారములలో అది వాడిపోయిన తమలపాకువలె అంచులు ముడుచుకొనెను.

ఈ నడుమ కంద సంగతి యొకటి జరిగెను. దుంపలు భూమాత ప్రసాదమని మావాడు పచ్చికందను కోరి, నిమ్మరసము పిండుకొని, నోట వేసికొనెను. కంద దురదపెట్టునని గోదావరి గట్టున పుట్టిన పసివానికిని తెలియును; మావానికిని తెలియును; ఆ దురద యిదివరకు తినిన వంటకముల దోషమని వాని సిద్ధాంతము. క్షణములో నాలుక వాచి, గొంతు పట్టుకొని పెరడంతయు తిరుగజొచ్చెను. మామ్మగారు చింతపండు చేతబట్టుకొని పరుగెత్తిరి. కందలో సూదులవంటి స్ఫటికములుండి గొంతులో గ్రుచ్చుకొనుననియు, చింతపండు వేసి చక్కగ ఉడికించినచో ఆ బాధ తగ్గుననియు తుని అబ్బాయి ఆ సమయముననే ఉపన్యసించెను. కందకు లేని దురద కత్తిపీటకున్నదో లేదో గాని, ఆనాడు అటకమీద నాకు మాత్రము కొంచెము సంతోషము కలిగిన మాట దాచను.

ఆ సంతోషము నిలువలేదు. కార్తికమాసమున మావానికి జిగట విరేచనములు పట్టుకొనెను. పచ్చిగ నూరుకొని త్రాగిన ఆకుకూర మురికికాలువ నీటితో పెరిగినదట. అంతకుముందు పదునెనిమిదేండ్లు అట్టి నీటి దోషమును మరిగించి చంపుచుండినది నేనని ఎవరును అనుకొనలేదు. పచ్చి గింజలలోని పిండి సులభముగ అరుగక పోవుటచే వాడంతకుముందే చిక్కి సగమైయుండెను. వైద్యుడు వచ్చి, మందిచ్చి, నీరు కాచి త్రాగింపుడనియు, పలుచని జావ కాచి గంటగంటకు పట్టుడనియు చెప్పిపోయెను. రాత్రి పదకొండు గంటలు. అప్పుడు నిచ్చెన వచ్చెను.

తుని అబ్బాయి నన్ను దింపి, బూజు తుడిచి, బల్లిగ్రుడ్లు దులిపి, స్పిరిటు పోసి వెలిగించెను. బర్నరు కాగెను. గాలిమర బిగించి పంపు కొట్టెను. కడ్డీ నిరాటంకముగ లోపలికి పోయి, నిరాటంకముగ వెలుపలికి వచ్చెను. ఒక్క చుస్సుమను ధ్వనియు లేదు. ఇరువదిమారులు కొట్టెను, నలువదిమారులు కొట్టెను. స్పిరిటు ఆరిపోయెను. నిపిలునుండి రెండు చుక్కలు పచ్చి కిరసనాయిలు కారి గప్పున పొగ చిమ్మెను. మంచముమీద మావాడు, పసితనమున నా గర్జనకు చెవియొగ్గినట్లే, నావైపు తల త్రిప్పి పడియుండెను. నేను మ్రోగలేకపోతిని. అంతకంటె చెప్పుటకు నాకు మాటలు లేవు. అమలాపురము అబ్బాయి, “దరిద్రపు స్టవ్వు! సమయానికి పనికిరాదు,” అని కాలితో ప్రక్కకు త్రోసెను, మొదటి సొట్ట అది. జావ మామ్మగారి బొగ్గుల కుంపటిమీద కాగెను.

వారము తరువాత తుని అబ్బాయి గౌతమికి పోయి అదే సంపుటములో ఆగస్టు నెల సంచికను చదివివచ్చెను. మహాత్మునికిని జిగట విరేచనములు పట్టెననియు, ఆయన ప్రయోగమును విరమించి మరల మేకపాలకు వచ్చెననియు, ఆ సంగతిని దాచక తన పత్రికలోనే ప్రకటించెననియు మంచముకడ కూర్చుండి చెప్పెను. మావాడు కొంతసేపు గోడవైపు చూచి, “రెండు నెలల తరవాతి సంచిక చదవకపోవడం నా తప్పేరా,” అనెను. జూన్‌నుండి ఆగస్టునకు పుటలు త్రిప్పుటకు పట్టు కాలమెంత! నేనటకమీద గడపినది నలువది దినములు.

వాడు కోలుకొని వంట మరల మొదలైనది గాని, నాతో కాదు. క్రొత్తది, వత్తులది, చప్పుడు చేయనిది కొనిరి. నన్ను పాతసామానులవానికి మావాడే స్వయముగ మోసికొనిపోయి యిచ్చెను. ఇత్తడి తూకమునకు ధర కట్టిరి. పద్దెనిమిదేండ్ల మంటకు ధర కట్టు తక్కెడ లేదు. మావాడు నావంక చూచి యేమైన అనునేమోయని యెదురుచూచితిని. తూకము సరిగ వేయుమని మాత్రము అనెను.

అచ్చటినుండి సాయిబుగారి గోనెపట్టా. ఆయన నన్నొకసారి చేతబట్టి, గొట్టములో వ్రేలు పెట్టి చూచి, ఎండిన తోలును ఊడబీకి పారవేసి, “మనిషి బాగానే ఉన్నాడు, వాషరే పోయింది,” అనిరి. నన్ను మనిషి యనిన మొదటివారు ఆయనయే. మీలో నెవరైనను నన్ను కొనదలచినచో, ఆయన చెప్పిన ధరకు సగము బేరమాడవచ్చును, నేను నొచ్చుకొనను. కొనినపిదప క్రొత్త వాషరు వేయించుడు. పక్షమునకొకసారి పంపుకడ్డీని ఊడదీసి, తోలుమీద రెండు చుక్కలు కొబ్బరినూనె వేయుడు.