ఆప్షన్ల దానకర్ణులు

ఏడాదికి ఐదు లక్షలు రాని మనిషి విదేశీ ఫండ్లకు దానం చేస్తున్నాడంటే ఎవరూ నమ్మరు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మాత్రం లెక్కగట్టి మరీ చెప్పింది. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన కోటి మందికి పైగా చిన్న ట్రేడర్లలో నూటికి 93 మంది పోగొట్టుకున్నారు. తలా సుమారు 2 లక్షలు, మొత్తం 1.8 లక్షల కోట్ల పైమాటే. 2023-24లో ఈ ఆట ఆడినవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది తమ ఆదాయం ఐదు లక్షల లోపేనని రాసిచ్చినవాళ్లు. ఇంతటి దాతలకు ఇంతవరకూ ఒక్క శాలువా కప్పిన పాపాన పోలేదు ఈ దేశం.

పుచ్చుకున్నదెవరు? ఆ ఒక్క ఏడాదే సొంత డబ్బుతో ట్రేడ్ చేసే పెద్ద సంస్థలకు 33,000 కోట్లు, విదేశీ ఫండ్లకు 28,000 కోట్లు, ఖర్చులు తీయకముందు. అందులో దాదాపు అంతా కంప్యూటర్ ప్రోగ్రాములు సంపాదించి పెట్టిందే. ఆ ప్రోగ్రాములతో తలపడటానికి అమీర్‌పేట హాస్టల్లో మనవాడు సిద్ధంగా ఉన్నాడు. ఒక చేతిలో ఇడ్లీ ప్లేటు, ఇంకో చేతిలో గీతలు పడ్డ ఫోను, హాస్టల్ వైఫై. తొమ్మిదింపావు కొట్టగానే యుద్ధం.

యాప్ తెరవగానే ఒక హెచ్చరిక వస్తుంది: పదిమందిలో తొమ్మిదిమందికి నష్టమే అని. మనవాడు చదవడని అనుకోకండి, చదువుతాడు. చదివి, ఆ తొమ్మిదిమంది మీద కాస్త జాలిపడి, బొటనవేలితో దాన్ని పక్కకు నెట్టేస్తాడు.

మనవాడి ఇంట్లో పట్టింపులకేం తక్కువ లేదు. మంగళవారం లక్ష్మిని గడప దాటించకూడదని పక్కింటివాళ్లకు వంద రూపాయల చేబదులు ఇవ్వని కుటుంబం. 2025 సెప్టెంబరు నుంచి నిఫ్టీ ఆప్షన్ల గడువు తీరే రోజు మంగళవారానికి మారింది. ఇప్పుడు ప్రతి మంగళవారం మూడున్నరలోపు ఆ లక్ష్మి గడప దాటడమే కాదు, ముంబయి మీదుగా సముద్రాలు దాటుతోంది. పొద్దున 40 రూపాయలకు కొన్న కాల్ ఆప్షన్ మధ్యాహ్నానికి 12. "యావరేజ్ చేద్దాం" అని ఇంకో రెండు లాట్లు. మూడింటికి ఐదు పైసలు. నష్టానికి అమ్మినా లావాదేవీ పన్ను ఎస్‌టీటీ తప్పదు, బ్రోకరేజీ అసలే తప్పదు. సెబీ లెక్కలోని ఆ మూడేళ్లలో చిన్న ట్రేడర్లు ఇలాంటి ఖర్చుల కిందే 50,000 కోట్ల దాకా కట్టారు.

గురువుల సంగతి మరీ రుచిగా ఉంటుంది. 2023లో సెబీ ఒక యూట్యూబ్ గురువును పట్టుకుంది. మార్కెట్ విద్య పేరిట శిష్యుల దగ్గర 17 కోట్ల పైచిలుకు వసూలు చేశాడు. ఆ విద్యతో తాను చేసిన ట్రేడింగ్‌లో సుమారు రెండున్నరేళ్లలో దాదాపు 2.89 కోట్లు పోగొట్టుకున్నాడు. అంటే ఆయనకూ లాభసాటి షేరు ఒక్కటే దొరికింది: శిష్యుడు.

ఇక అమ్మలున్నారు, పాతకాలం మనుషులు. నెలకు 3,000 చొప్పున పోస్టాఫీసు ఆర్‌డీ కడతారు. 6.7 శాతం లెక్కన ఐదేళ్లకు చేతికొచ్చేది సుమారు 2,14,000. "అంతేనా?" అని నవ్వుతాడు కొడుకు. అంతే నాయనా. సెబీ చెప్పిన నీ సగటు విరాళానికి సరిపోతుంది, పైగా నీ బస్సు ఛార్జీలకు కూడా మిగులుతుంది.

అలాగని షేర్ల జోలికే పోవద్దంటే అది మూర్ఖత్వమే. ఆర్నెల్ల ఖర్చు బ్యాంకులో ఉంచుకుని, మిగిలినదాంట్లో ఇండెక్స్ ఫండ్‌కు నెలనెలా వేస్తూ పదేళ్లు పట్టించుకోనివాడు లేకపోలేదు. కానీ వాడితో ఏం సరదా? వాడి దగ్గర వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవడానికి ఒక్క స్క్రీన్‌షాటూ ఉండదు. టెలిగ్రామ్ గ్రూపులో వాణ్ణి ఎవరూ "బాస్" అనరు.

మన దాతకు మాత్రం ప్రభుత్వం ఒక గౌరవం దాచి ఉంచింది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ నష్టం ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో వ్యాపార నష్టం. జీతగాళ్ల ఫారం చెల్లదు, ఐటీఆర్-3 వేయాలి. కొడుకు వ్యాపారస్తుడు కావాలన్న నాన్న కోరిక అలా తీరిపోయింది. గడువులోగా వేస్తే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు మోసుకెళ్లవచ్చు. ఫారం నింపినందుకు ఆడిటరు ఫీజు విడిగా, ముందే ఇవ్వాలి.