అరోరా మామ

సూళ్లూరుపేటలో జనవరి చలి అంటే, తెల్లవారుజామున పాలాయన మంకీ క్యాప్ పెట్టుకోవడం, ఎనిమిదింటికల్లా దాన్ని తీసి జేబులో కుక్కుకోవడం. అంతకు మించిన చలి ఈ ఊరికి తెలీదు. అలాంటి ఊళ్లో, స్టేషన్ రోడ్డు టీ కొట్టు ముందు, మోకాళ్ల దాకా దిగిన ఉబ్బు కోటు తొడుక్కుని, మెడకు ఉన్ని మఫ్లర్ చుట్టుకుని, నుదుటి చెమట తుడుచుకుంటూ నిలబడ్డ మనిషి కనిపిస్తే ఆయనే అరోరా మామ. కోటు జిప్పు తీయడు. తీస్తే లోపలి మామూలు చొక్కా బయటపడుతుంది. మామూలు చొక్కా వేసుకున్నవాణ్ణి "యాడికి పొయ్యొచ్చినావు?" అని ఎవరూ అడగరు.

మామ బతుకుతున్నది ఆ ప్రశ్న కోసమే.

ఈ జాతి మనకు కొత్తేం కాదు. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పొడుగునా చూసిందంతా రాసిపెట్టాడు గనక మనకొక మంచి పుస్తకం దక్కింది. రాయడం చేతగాని యాత్రికులు అరుగు మీద కూర్చుని నోటితోనే చెప్పేవాళ్లు. విన్నవాళ్లకు దక్కిందేమిటో వాళ్లకే తెలియాలి. ఆ తర్వాత సింగపూరు చూసొచ్చినవాళ్లు వచ్చారు. వాళ్ల వెనకే, అమెరికాలో కూతురి పురుడు పోసి వచ్చి అక్కడి రోడ్ల నునుపు గురించి ఆర్నెల్లు చెప్పినవాళ్లు. ఇప్పుడు అమెరికా పేరెత్తితే టీ గ్లాసులు కడిగే కుర్రాడు కూడా తలెత్తడు. వాడి మేనమామ కొడుకు డల్లాస్‌లోనే ఉన్నాడు. దాంతో చెప్పుకోవాలనుకునేవాళ్లకు దేశాలు అయిపోయాయి, భూగోళం నెత్తిన ఎక్కి కూర్చోవాల్సి వచ్చింది. కాశీకి పోయినవాళ్లు ఇష్టమైన పండో కూరో అక్కడ వదిలేసి రావడం ఆనవాయితీ. అరోరా మామ ఆర్కిటిక్‌లో మొహమాటం వదిలేసి వచ్చాడు.

కొడుకు స్టాక్‌హోంలో ఉద్యోగం. "ఒకసారి రండి నాన్నా, నార్వే పోయి ఉత్తరధ్రువ కాంతులు, అదే అరోరా, చూద్దాం" అన్నాడు. మామ చెన్నై వెళ్లి షెంగెన్ వీసాకు వేలిముద్రలు వేసొచ్చాడు. ఆ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండి తీరాలని తెలిసిన రోజు నుంచి ఆయన నడకే మారింది. "మనమంటే ఏమనుకుంటుండారు? ముప్పై వేల యూరోల మనిషిని" అని మంగలి షాపులో కూడా గడ్డం జాగ్రత్తగా గీయమనేవాడు. చలికి ఒళ్లు అలవాటు పడాలని, రొయ్యలకు ఐసు తోలే ఫ్యాక్టరీలో తెలిసినవాణ్ణి బతిమాలి పావుగంట లోపల కూర్చున్నాడు. రెండు రోజులు తుమ్మాడు. అత్త ఆవకాయ, కందిపొడి, చింతకాయ పచ్చడి పెట్టెలో సర్దింది. అక్కడ ఒక రాత్రి ఆవకాయ సీసాను కిటికీ అవతల మరిచిపోతే నూనె పేరుకుపోయి, స్పూను వంగింది గానీ ముక్క మాత్రం కదల్లేదట. మామ కథలన్నిట్లోకీ అత్త ఒప్పుకునేది ఇదొక్కటే.

వాళ్లు దిగిన ఊరు ట్రోమ్సో. భూమధ్యరేఖకు మనం 14 డిగ్రీల లోపే ఉంటే, అది 69 డిగ్రీలు దాటి ఉంది. నవంబరు చివర్నుంచి జనవరి మధ్య దాకా అక్కడ పొద్దు పొడవదు. మామ పోయింది 2025 జనవరి ఆఖర్లో, అప్పటికి సూర్యుడు రోజుకు కాసేపు కొండల మీద కనిపిస్తున్నాడు. కానీ మామ కథలోకి సూర్యుణ్ణి రానివ్వలేదు. "నెలల తరబడి రాత్రేనబ్బయా" అంటాడు. వెచ్చటి సముద్ర ప్రవాహం ఆనుకుని పోవడం వల్ల ఆ ఊళ్లో చలి సున్నాకు నాలుగైదు డిగ్రీల కింద ఊగిసలాడుతుంది. అసలు చలి కావాలంటే బస్సెక్కి ఫిన్లాండు సరిహద్దు వైపు లోపలికి పోవాలి. ఈ భూగోళశాస్త్రం మామకు అక్కర్లేదు. ఫిబ్రవరిలో ఆయన చలి మైనస్ 12. శివరాత్రికి మైనస్ 20. ఉగాదికి 28. మన ఎండలు ముదిరేకొద్దీ ఆయన చలి ముదిరింది. మే నెలలో ఊరు 40 దాటినప్పుడు మామ కూడా మైనస్ 40 దగ్గర ఆగాడు, కోటు మాత్రం విప్పి భుజాన వేసుకుని.

ఇంకే ఊళ్లోనైనా ఈయన్ను నెత్తిన పెట్టుకునేవాళ్లు. మామకు ఖర్మ కాలి, ఆకాశంలో వెలుగు గురించి సూళ్లూరుపేటకు చెప్పాల్సి వచ్చింది. పులికాట్ సరస్సు మధ్యగా పోయే రోడ్డు పట్టుకుంటే శ్రీహరికోట ఇరవై కిలోమీటర్ల లోపే. 1971లో మొదటి చిన్న రాకెట్టు లేచింది మొదలు ఈ ఊరు మెడలెత్తే ఉంది. 1979 ఆగస్టులో ఎస్‌ఎల్‌వి-3 సముద్రంలో పడ్డప్పుడు నిట్టూర్చిన ముసలాళ్లు, మరుసటేడు జూలైలో అది రోహిణిని కక్ష్యలో పెట్టినప్పుడు సంబరపడ్డ ముసలాళ్లు ఇంకా ఉన్నారు. ఇస్రో పెద్దలు ప్రయోగానికి ముందు మా ఊరి చెంగాళమ్మ తల్లికి మొక్కి పోతే, కొబ్బరికాయలమ్మే ఆమె ఆ వారం ప్రయోగముందని చెప్పేస్తుంది. రాత్రి ప్రయోగమైతే జనం మిద్దెలెక్కుతారు, ఆకాశం పగలైపోతుంది, చూస్తారు, దిగొచ్చి సగంలో వదిలిన అన్నం తింటారు. ఈ జనం ముందు మామ నోరు విప్పాడు.

"పచ్చటి వెలుగబ్బయా! ఈ కొసనుంచి ఆ కొసకు తెరలు తెరలుగా ఊగతా ఉండాది."

టీ కొట్టు బల్ల మీది పెద్దాయన అడిగాడు: "శబ్దం ఎట్టుండింది?"

"శబ్దం రాదు."

"నిమిషం ఆగినా రాదా?" మా ఊళ్లో వెలుగు ముందొస్తుంది, శబ్దం దాదాపు నిమిషం తర్వాత వచ్చి కిటికీలు అదరగొడుతుంది. అందుకని ఆ ప్రశ్న న్యాయమైనదే.

"ఎంతసేపు ఆగినా రాదు."

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. "అట్టైతే ఫెయిలైపోయుంటాది."

మామ మొహం చూడాలి. తేరుకుని, అది ఎవరూ వదిలేది కాదనీ, దానంతట అదే వస్తుందనీ చెప్పాడు. "ఎన్నింటికొస్తుందో ముందే చెప్తారా?" అన్నాడు ఆటో స్టాండు కుర్రాడు. చెప్పరు, కేపీ అని ఒక అంకె ఉంటుంది, సున్నా నుంచి తొమ్మిది దాకా, అది ఎంత పెరిగితే వెలుగు అంత దక్షిణానికి దిగుతుంది, ట్రోమ్సో దాని దారిలోనే ఉంది కాబట్టి చిన్న అంకెకే కనిపిస్తుంది అన్నాడు మామ. "కౌంట్‌డౌన్ లేదా?" లేదు. "మబ్బేస్తే?" కనిపించదు. "మళ్లీ ఏ తేదీకి వాయిదా వేస్తారు?" వాయిదా ఉండదు, మన సెలవు అయిపోతుంది. "డబ్బులు?" అయిపోతాయి. అందరూ కాసేపు మౌనం పాటించారు. మిద్దె మీద నిలబడి ఉచితంగా చూసే జనానికి, టికెట్టు కొనుక్కుని మబ్బును చూసొచ్చినవాడి మీద జాలి కలగడం సహజం.

జాలి మామకు గిట్టదు. ఫోన్ తీశాడు. తెర నిండా పచ్చదనం, అంచున కాస్త ఊదా. ఈసారి అందరూ వంగి చూశారు, ఒకరిద్దరు ఈల కూడా వేశారు. సాయంత్రం కూరగాయల కొట్టు దగ్గర అత్త అసలు సంగతి చెప్పింది. "కంటికి బూడిద రంగు పొగలాగా ఉన్నింది. ఫోను పెట్టి నాలుగు సెకన్లు కదలకుండా పట్టుకుంటే పచ్చగా వచ్చింది. బాగా వెలిగింది ఒక్క రాత్రే. ఆ రాత్రి నిజంగానే కంటిక్కూడా పచ్చగా కనిపించింది. అప్పుడు ఈయన బస్సులో నిద్ర. ఫోటోలు నేను తీసినవే." ఇందులో అబద్ధమేమీ లేదు. మసక వెలుగులో మన కంటికి రంగులు తెలియవు, కెమెరా మాత్రం కాంతిని పోగేసుకుంటుంది.

మిగతా సాహసాలకూ ఇలాగే రెండేసి పాఠాలున్నాయి. హస్కీ కుక్కల బండిని మామ పాఠంలో మామే తోలాడు. అత్త పాఠంలో మామ దుప్పటి కప్పుకుని బండిలో కూర్చుంటే వెనక నిలబడి ఒక ఆడపిల్ల తోలింది. ఆ కుక్కల పేర్లన్నీ చెప్పే మామ, మా వీధి మూల నల్లకుక్క కనబడితే ఇప్పటికీ అవతలి పక్క నుంచి నడుస్తాడు. మంచు మీద నడిపే మోటారు బండిని తాను ఒడుపుగా ఆపానంటాడు, అది బోల్తా పడి ఆగిందంటుంది అత్త. రెయిన్‌డీర్లు మేపుకునే సామీ జనం గుడారంలో నిప్పు చుట్టూ కూర్చోబెట్టి పాట పాడారన్నది ఇద్దరూ ఒప్పుకున్నారు. చేపల సూపు గురించి కూడా ఇద్దరిదీ ఒకే మాట. "పులుపు లేదు, కారం లేదు. ఆ చేప ఊరికే చచ్చింది."

ఆ వారంలోనే శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్‌లో పనిచేసి రిటైరైన సారు టీకి వచ్చాడు. ఆయన నిదానంగా, గొంతు పెంచకుండా అడుగుతాడు. ఆ నిదానానికే మామకు భయం.

"ఆ వెలుగు ఎందుకొస్తుందో తెలుసునా?"

"మంచు మీద చంద్రుడి వెలుగు పడి..."

"సూర్యుడి నుంచి వస్తుంది సామీ. విద్యుదావేశమున్న కణాలు గాలిలా వీస్తా ఉంటాయి. భూమి అయస్కాంతం వాటిని ధ్రువాల వైపు మళ్లిస్తుంది. అక్కడ, నూరు కిలోమీటర్ల పైన ఆక్సిజన్‌ను తగిలితే ఈ పచ్చదనం. ఇంకా పైన తగిలితే ఎరుపు. నైట్రోజన్‌కు నీలం, ఊదా. మనకెందుకు రాదంటే, అయస్కాంత మధ్యరేఖ మన దక్షిణాదినే పోతుంది. ఆ రేఖ కోసమే 1963లో తుంబాలో రాకెట్ కేంద్రం పెట్టింది. 2024 మే నెలలో అంత పెద్ద సౌర తుఫాను వస్తే, మన దేశంలో లడఖ్ హాన్లేలో కెమెరాలకు కాస్త ఎర్రదనం చిక్కింది. అంతే."

మామ తలూపాడు. సారు ఆపలేదు.

"ఆ సూర్యుడి గాలిని కొలిచే యంత్రం యాడినుంచి పోయిందో తెలుసునా? ఆదిత్య ఎల్1. 2023 సెప్టెంబరు 2, పగలు 11:50. మన పక్కనుంచే. పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలో కూర్చుని ఇప్పుడు కూడా కొలస్తా ఉండాది. ఆ రోజు మీరు యాడుండారు?"

ఆ రోజు మామ నాయుడుపేటలో పెళ్లి బంతిలో ఉన్నాడు, రెండోసారి సాంబారు పోయించుకుంటూ. ఊరంతా మిద్దెల మీదుంటే వడ్డన బాగా జరిగిందని ఆయనే అప్పట్లో చెప్పాడు. సారు జేబులోంచి పెన్ను తీసి ఇంకో లెక్క వేశాడు. 2025 జనవరి 29, ఉదయం 6:23. జీఎస్‌ఎల్‌వి-ఎఫ్15. శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం. నార్వేలో అప్పుడు రాత్రి 1:53. "అప్పుడు మీరు?"

అత్త పక్కనే ఉంది. "మంచులో నిలబడి మబ్బు తొలగాలని మొక్కుకుంటా ఉన్నింటిమి" అంది.

ఇక్కడితో మామ పని అయిపోయిందని మేమనుకున్నాం. ఈ జాతి మనిషి ఓడిపోవడం అంత తేలిక్కాదు. రెండు గుక్కలు టీ తాగి, మఫ్లర్ సర్దుకుని, "అదే గదా నేను చెప్పేది! పంపించింది మన ఊరు. అది కొలిచే గాలి అవతలి కొసన సరిగ్గా దిగతా ఉండాదా లేదా అని పోయి చూసొచ్చినోణ్ణి నేనొక్కణ్ణే" అన్నాడు. మర్నాటి నుంచి కథలో ఆదిత్య ఎల్1 చేరింది. వారానికల్లా మామ ఇస్రో తరఫున వెళ్లొచ్చిన మనిషిలా మాట్లాడుతున్నాడు.

ఒక్క పులికాట్ పిట్టల దగ్గరే ఆయన వాదన నిలబడలేదు. సరస్సులో ఫ్లెమింగోల పక్కన, బురదలో ముక్కు పెట్టి వెతుక్కునే పిడికెడంత ఉల్లంకి జాతి పిట్టల్లో కొన్ని ఎండాకాలం సైబీరియా ఆర్కిటిక్ బయళ్లలో పిల్లల్ని చేసి, చలి మొదలవగానే వేల కిలోమీటర్లు ఎగిరి ఇక్కడికి వస్తాయి. అక్కడ పుట్టిన ప్రాణులే చలికి తాళలేక మన ఊరికి వస్తుంటే, అదే చలికాలంలో మన ఊరి మనిషి బీమా కట్టి మరీ అక్కడికి పోయాడు. ఈ మాట ఆటో కుర్రాడు అన్నప్పుడు మామకు జవాబు తోచలేదు. "వాటికి టేస్టు లేదు" అన్నాడు, చాలాసేపటికి.

ఈ మధ్య ఆయన కొంచెం దిగులుగా ఉన్నాడు. బజారు వీధిలో ఒక బట్టల కొట్టాయన అంటార్కిటికా ఓడకు డబ్బు కట్టాడని పుకారు. ధ్రువాలు రెండున్నాయన్న సంగతి మామ ఇన్నాళ్లూ పెద్దగా పట్టించుకోలేదు.

ఎంత నవ్వుకున్నా ఒక మాట ఒప్పుకోవాలి. రాకెట్టు పోతుంటే చూసి అన్నానికి దిగే మా ఊరి పిల్లలు, ఆ రాకెట్టు దేన్ని వెతుక్కుంటూ పోయిందని సారును అడగడం మొదలుపెట్టింది మామ కోతలు విన్నాకే. కాబట్టి మీకూ ఆ వెలుగు చూడాలనుంటే నిక్షేపంగా పోండి. సెప్టెంబరు నుంచి మార్చి దాకా కాలం బాగుంటుంది, ఒక్క రాత్రిని నమ్ముకోకుండా నాలుగైదు రాత్రులు పెట్టుకోండి, బస్సులో నిద్రపోకండి. దానికి ముందు మా ఊరొచ్చి ఒక రాత్రి ప్రయోగం చూడండి. శ్రీహరికోటలో 2019 నుంచి జనానికి గ్యాలరీ ఉంది. అక్కడ చోటు దొరక్కపోతే మా మిద్దెలున్నాయి. ఇక అరోరా మామ సంగతంటారా, అలాంటివాడు ఊరికి ఒకడుండాలి. ఇద్దరుంటే మాత్రం టీ కొట్టు మూసేసుకోవాల్సిందే.