న్యాయమూర్తుల నిరాడంబర వినోదములు

ఘనత వహించిన న్యాయమూర్తులు తీరిక వేళల నేమి చేయుదురన్నది లోకమునకు కుతూహలమాత్రమే కావచ్చును గాని, మా విస్సన్నపేటలో కోర్టు వాయిదా గలవానికి అది ప్రాణావసరమైన ప్రశ్న. దొరవారికి మామిడిపండ్లన్న ప్రీతి యని ఎవరైన చెవిన వేయుటే తడవుగా, బంగినపల్లియా చిన్నరసమా యని తర్జనభర్జన మొదలై, చట్టమును గూర్చిన మీమాంస అంతటితో సమాప్తమగును. అందుచేతనే కాబోలు, పెద్ద న్యాయమూర్తులు తమ వినోదములు మిక్కిలి చవుకవని ముందుగనే ప్రకటించుచుందురు.

ఈ వినయమునకు పరాకాష్ఠ అమెరికాలో కలదు. అచటి సుప్రీంకోర్టు న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ గారు, సముద్రతీరములకన్న వాల్‌మార్ట్ దుకాణముల ముందు బండ్లు నిలుపు తావులే తమకు ప్రియమని, ఇల్లువంటి బస్సులో సామాన్యుల నడుమ సంచరించుటయే తమకు హాయి యని ఒక డాక్యుమెంటరీలో సెలవిచ్చిరి. ఆ చిత్రమునకు ధనసాయము చేసిన కుబేరుడు హార్లన్ క్రో విమానములోను, విహారనౌకలోను న్యాయమూర్తిగారు 2019లో ఇండోనేషియా దీవులు చుట్టి వచ్చిరని 2023 ఏప్రిలులో ప్రోపబ్లికా పత్రిక బయటపెట్టినది. ఆ నిరాడంబరమైన బస్సు సంగతియు వినదగినదే: 1999లో ఒక మిత్రుడు దానికై ఇచ్చిన 2,67,230 డాలర్ల అప్పులో అధికభాగమో, సర్వమో మాఫీ అయినట్లు 2023లో సెనేటు కమిటీ పక్షమున వెలువడిన నివేదిక చెప్పినది. క్రోగారిది ఆప్తమిత్రుని ఆతిథ్యమగుటచే ప్రకటింప నక్కరలేదని తమకు సలహా యిచ్చిరని థామస్ గారి సమాధానము. మాకును ఆప్తమిత్రులు లేకపోలేదు. తిరువూరు బస్సెక్కునపుడు మాత్రము ఎవరి టికెట్టు వారే తీసికొందురు.

మన సుప్రీంకోర్టువారు 1997 మే 7న న్యాయజీవన విలువలను గూర్చి తీర్మానము చేసికొనిరి. అందు న్యాయమూర్తి క్లబ్బు పదవులకు పోటీ చేయరాదు. కుటుంబము, దగ్గరి బంధువులు, మిత్రులు తప్ప అన్యుల కానుకలు ముట్టరాదు. ఇంతటి నిగ్రహములో మిగులు వినోదమేమి? 2020 జూన్‌లో ప్రధాన న్యాయమూర్తి బోబ్డేగారు నాగపురములో కదలని హార్లీ మోటారు సైకిలుపై కూర్చుండి ఆ ముచ్చట తీర్చుకొనగా, దానిపై వ్యాఖ్యానించిన న్యాయవాది ప్రశాంత్ భూషణ్ గారికి, మరియొక వ్యాఖ్యతో కలిపి, కోర్టుధిక్కార నేరమునకు ఒక రూపాయి జరిమానా పడినది. నిలిచిన బండికే ఇంత ప్రతిష్ఠ గలదన్న, నడచిన బండి మాట చెప్పనేల!

నిష్కళంకమైన వినోదము కావలసినవారు మా కృష్ణాతీరము వంక చూడవలెను. పదవీ విరమణానంతరము ప్రభుత్వమిచ్చు ఏ కొలువును ఆశింపనని ముందే చెప్పిన జస్టిస్ చలమేశ్వర్ గారు 2018లో స్వగ్రామమైన పెదముత్తేవికి మరలివచ్చిరి. పల్లె చేరినవానికి సేద్యముకన్న నిర్దోషమైన వ్యసనము లేదు. అది ఇచ్చునది నష్టమే గావున, దానిని కానుకగా సమర్పింప నెవడును ముందుకు రాడు.

2025 మే నెలలో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ఆస్తుల వివరములు బహిరంగపరుపబడినవి. సంతోషము. ఆ పట్టికలో ఇంక రెండు గడులు చేర్చిన చాలును: మొదటిది వినోదము; రెండవది, దాని ఖర్చు భరించినవారి పేరు. మొదటి గడిని ఖాళీగా నుంచినను మాకభ్యంతరము లేదు.