మీ కారు రెడీ సార్

నాకు మళ్ళీ లంబోర్ఘినీ తగిలిందంట, ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. పోయిన వారం బీఎండబ్ల్యూ, అంతకు ముందు మెర్సిడెస్. నేను చేయాల్సిందల్లా రిలీజ్ చార్జీ కింద రెండొందల డాలర్లు పంపడమే. అదీ రూపాయల్లో వద్దు, యూఎస్‌డీటీ అనే క్రిప్టోలోనే కావాలంట. మన రూపాయంటే వాళ్ళకెందుకంత చీదరో! బ్యాంకు ద్వారా పోయిన సొమ్మయితే 1930కి ఫోన్ చేసి ఆపించే వీలన్నా ఉంది. వాళ్ళ వాలెట్‌లో పడిందంటే తిరుమల హుండీలో పడ్డట్టే. కాకపోతే హుండీకి లెక్కాజమా ఉంటుంది.

నేనుండేది హిందూపురంలో. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల కియా ఫ్యాక్టరీ ఉంది. తళతళలాడే కార్లు లారీలకెక్కి హైవే మీద నా కళ్ళ ముందే పోతుంటాయి. ఇంత దగ్గరున్నా వాళ్ళు నాకు ఒక స్టెపినీ కూడా ఊరికే ఇయ్యలేదు. ఏ దేశంలో ఉన్నాడో తెలియనోడు మాత్రం కారే ఇస్తాడంట! 2025లో ఆ ఫ్యాక్టరీ నుంచి దాదాపు 900 ఇంజన్లు మాయమైనాయని కేసయింది. చూడండి, దొంగలు కూడా ఇంజన్లతో సరిపెట్టుకున్నారు, పూర్తి కారుకు ఆశపడలేదు.

సరే, కారు నిజంగానే వచ్చిందనుకుందాం. దాని పొట్ట నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. మా వీధి మొదట్లో స్పీడ్ బ్రేకరుంది. దాన్ని ఏ ఇంజనీరూ గీయలేదు. కొళాయి పైపు వేసినోళ్ళు తవ్వి, పూడ్చి, మిగిలిన కంకరంతా పైన కుప్ప పోసి పోయినారు. లంబోర్ఘినీ దాని మీదికెక్కి, ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు పెట్టి కూర్చుంటుంది. ట్రాక్టరు కట్టి లాగితే ముందు భాగం ట్రాక్టరు వెంట పోతుంది. ఎట్లోగట్ల ఇంటి ముందుకు చేరిందే అనుకుందాం, తలుపు పైకి లేస్తుంది. పైన కరెంటు తీగ! దిగాలంటే ముందు లైన్‌మన్‌కు ఫోన్ చేసి సరఫరా ఆపించాలి. చింతపండు మార్కెట్ సీజన్లో బస్తాల బండి అడ్డమొస్తే వెనక్కి తిప్పే చోటే లేదు. ధర్మవరం పోయి పెళ్ళి చీరలు తెద్దామంటే డిక్కీ ముందు వైపుంటుందంట. మా ఆవిడ అంతా విని, "పదిమందికి చీరలు పెట్టాలి, దాంట్లో పట్టవు. మాకు వద్దని రాసెయ్" అంది.

పాతకాలపు మోసగాళ్ళు కనీసం కష్టపడేవాళ్ళు. గెయిన్‌బిట్‌కాయిన్ అనే క్రిప్టో స్కీము వాళ్ళు నెలకు పది శాతం రాబడి, పద్దెనిమిది నెలలపాటు అని లెక్కలు వేసి చూపించారు. వన్‌కాయిన్ అనే దొంగ క్రిప్టో నడిపిన రుజా ఇగ్నటోవా పెద్ద పెద్ద సభలు పెట్టి, దాదాపు 400 కోట్ల డాలర్లు దండుకుని, 2017 అక్టోబరులో విమానమెక్కి మాయమైంది. ఎఫ్‌బీఐ ఇంకా వెతుకుతూనే ఉంది. ఇప్పటోళ్ళు నా పేరు కూడా సరిగా రాయరు. మోసపోయేవాడికి ఆమాత్రం మర్యాద దక్కొద్దూ?

నవ్వులాట ఎట్లున్నా, ధర్మవరంలో మా వేలువిడిచిన బావమరిది ఇట్లాంటి కారుకే డబ్బు కట్టినాడు. మగ్గం మీద వచ్చిన సొమ్ము. మూర్ఖుడేం కాదు, పట్టు ధర రేపు పెరుగుతుందో తగ్గుతుందో ఈరోజే చెప్పగలడు. నేను చెడామడా తిడుతుంటే చివరిదాకా విని అన్నాడు:

"కియా వస్తుందన్నప్పుడూ మీరంతా ఇట్లనే నవ్వినారు కదా బావా?"

నిజమే. 2017లో ఒప్పందమైంది, 2019లో కార్లు బయటికొచ్చినాయి. అంతకుముందు అక్కడ కార్ల ఫ్యాక్టరీ అంటే ఎవరు నమ్మినారు? నవ్వినోళ్ళలో మా చిన్నాయన అందరికంటే ముందు. ఒప్పందానికి ఏడాది ముందే ఎర్రమంచి పక్కనున్న మూడెకరాలు వచ్చినకాడికి అమ్మేసి, ఆ డబ్బుతో ఇక్కడి తోటలో బోరు వేయించినాడు. ఎనిమిది వందల అడుగులు దిగినా దుమ్మే లేచింది.