నలభై అయిదుకి సున్నా

వచ్చే ఏడాది ఎంతమందికి పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఇస్తామో కెనడా ప్రభుత్వం ఏటా ముందే ఓ లెక్క ప్రకటిస్తుంది. 2025కి అయిదు లక్షల మంది కావాలని 2023 నవంబరులో చెప్పింది. వాళ్లు రాకపోతే పనికి మనుషులుండరని, దేశం ముసలిదైపోతుందని బెంగపడింది. ఏడాది తిరక్కుండానే, 2024 అక్టోబరులో, అదే 2025కి 3,95,000 చాలంది. ఈలోగా దేశం పడుచుదైపోయిందా అంటే అదేం లేదు. అప్పటికి అద్దెలు మండుతున్నాయి, ఎన్నికలు దగ్గరపడ్డాయి.

సరే, సంఖ్యంటే రాజకీయం. మనుషుల్ని ఎంచడం మాత్రం అచ్చంగా ప్రతిభను బట్టేనట! దానికి 1200 మార్కుల కొలమానం ఉంది. పెళ్లికాని అభ్యర్థికి ఇరవై నుంచి ఇరవై తొమ్మిదేళ్లదాకా వయసుకి 110 మార్కులు. ముప్పయ్యో పుట్టినరోజున కేకు కోయగానే అయిదు ఎగిరిపోతాయి. నలభైకి 50 మిగులుతాయి, నలభై అయిదుకి సున్నా. మన పెళ్లిళ్ల పేరయ్యలు కూడా ఇంత నిర్దయగా లెక్కకట్టరు.

ఉద్యోగం ఆఫర్ ఉంటే 50 మార్కులు, పెద్ద మేనేజరు హోదా అయితే 200 ఉండేవి. దళారులు ఆ కాగితాలను అంగట్లో పెట్టి అమ్ముకున్నారు. అమ్మినవాళ్లను ఏరి పట్టుకోవడం కష్టం కదా! 2025 మార్చి 25న ఆ మార్కులే ఎత్తేశారు. నిజంగా ఉద్యోగం సంపాదించుకున్నవాడి స్కోరు కూడా రాత్రికి రాత్రి పడిపోయింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే.

అసలు తమాషా ఫ్రెంచ్‌ది. 2025 ఫిబ్రవరిలో కెనడాలోనే పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లకి పీఆర్ పిలుపుకి కటాఫ్ 521 దాకా వెళ్లింది. మరుసటి నెల ఫ్రెంచ్ వచ్చినవాళ్లకి 379కే పిలుపొచ్చింది. ఫ్రెంచ్ ప్రధానంగా ఉండే క్యూబెక్ రాష్ట్రం బయట ఆ భాష మాట్లాడేవాళ్లను పెంచాలన్నది సర్కారువారి లక్ష్యం. దాంతో అక్కడే పన్నులు కడుతున్న మన కుర్రాళ్లు డ్యూటీ దిగి, రాత్రిపూట ఫోన్‌లో ఫ్రెంచ్ క్రియారూపాలు వల్లె వేస్తున్నారు. ఆ ఫ్రెంచ్‌తో మన దేశంవాళ్లే ఎక్కువగా కనిపించే బ్రాంప్టన్‌లో ఎవరిని పలకరిస్తారన్నది వేరే సంగతి. పరీక్షలో గట్టెక్కితే అదే పదివేలు.

అన్నట్టు, 2024లో ఆ కోత ప్రకటించేనాటికి ప్రధాని జస్టిన్ ట్రూడోకి యాభై రెండేళ్లు. ఆయన సర్కారు వాడిన కొలమానం ప్రకారమే వయసుకి సున్నా. అయితే ఫ్రెంచ్ దంచి మాట్లాడతాడు గనక, ఆ కోటాలో ఎలాగో నెట్టుకొచ్చేవాడేమో.