ముక్కూ మొహం

టీబీ లేదంటే ఏడ్చిన మనిషిని మా ఆశా అక్క ఇన్నేళ్ల సర్వీసులో ఒక్కణ్ణే చూసిందట.

జి.కొండూరు మండలంలో ఒక కంకర క్రషర్‌లో అతనిది డ్రిల్లింగ్ పని. కంప్రెసర్ గొట్టం ఈడ్చుకుంటూ పోయి బండకి హోల్స్ కొట్టడం. నీళ్లు పోస్తూ కొడితే దుమ్ము లేవదు. నీళ్లంటే ట్యాంకరు, ట్యాంకరంటే డబ్బు. అందుకని పొడిగానే కొట్టించారు, ఏళ్లకేళ్లు. మొహానికి తువ్వాలు చుట్టుకునేవాడు. తువ్వాలు ఆపేది కంటికి కనిపించే దుమ్మునే. రాతిలోని సిలికా కంటికి ఆననంత సన్నంగా నలిగి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. పోయింది మళ్లీ రాదు. చుట్టూ మచ్చ కట్టి గట్టిపడుతుంది. సాయంత్రం అతను ఒళ్లు కడుక్కున్న నీళ్లు బకెట్లో కాసేపు కదపకుండా ఉంచితే అడుగున సిమెంటు పాలలాంటి మడ్డి పేరుకునేదని అతని భార్య చెబుతుంది. పైన అంటిన దుమ్ము మాట అది. లోపలికి పోయిందాన్ని ఏ బకెట్లో తేల్చాలి?

క్రషర్ యజమాని ఉచిత వైద్య శిబిరం పెట్టించాడు. షామియానా వేశారు, బీపీ చూశారు, షుగర్ చూశారు, బలానికని ఎర్ర టానిక్కు సీసాలు పంచారు. ఆ పూట క్రషర్ ఆపేశారు, డాక్టర్లకి దుమ్ము పడదు కదా. కూలి కూడా ఆగిందనుకోండి. దగ్గేవాళ్లని వేరే కూర్చోబెట్టి గళ్ల డబ్బాలు ఇచ్చారు. ఫొటోలు దిగారు. నెల తిరక్కుండా రోడ్డు మీద ఫ్లెక్సీ లేచింది, తొలకరి గాలికి ఊడి పడింది, ఎవరో పట్టుకుపోయి పాకకి కట్టుకున్నారు. మన దగ్గర ఏ ఫ్లెక్సీకైనా చివరి మజిలీ అదే.

అతని గళ్లలో టీబీ లేదని తేలింది. ఆయాసం మాత్రం నాలుగడుగులకే వచ్చేది. బెజవాడ పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసి డాక్టరుగారు సిలికోసిస్ అన్నారు. రాయి దుమ్ము జబ్బు, ఎవరికీ అంటదు, నయం చేసే మందు లేదు, ముందు ఆ పని మానెయ్యమన్నారు. టీబీ కానందుకు సంతోషించమన్నారు కూడా. అప్పుడే అతను ఏడ్చింది.

పక్కపాకలో మనిషికి టీబీ. ఆర్నెల్లు మాత్రలు ఉచితం, తిండికి నిక్షయ్ పోషణ్ కింద నెలనెలా బ్యాంకులో డబ్బు. మొదట 500 రూపాయలుండేది, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. ఇతని రోగానికి పేరుంది గానీ పద్దు లేదు. రాజస్థాన్‌లో 2019లోనే ఈ జబ్బుకి ఒక విధానం పెట్టి, నిర్ధారణ అయినవాళ్లకి 3 లక్షలు ఇస్తున్నారు. జి.కొండూరు నుంచి రాజస్థాన్‌కి బస్సు లేదు.

"టీబీ అని రాయించలేవా అక్కా?" అని అతను ఆశా అక్కని అడిగాడట.

దారి బొత్తిగా లేకపోలేదు. 1923 నాటి నష్టపరిహార చట్టం సిలికోసిస్‌ని పనివల్ల వచ్చే జబ్బుల్లో ఎప్పుడో చేర్చింది. పని చేయించుకున్నవాడు డబ్బు కట్టాలి. అయితే ఫలానా చోట పని చేశానని చూపించుకోవడం పనివాడి వంతు. కూలి మేస్త్రి చేత్తో ఇచ్చేవాడు. హాజరు పట్టీ లేదు, పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ కార్డు లేదు. అతని చేత్తో పడిన హోల్స్ ఎన్ని లారీల కంకరై ఎన్ని ఊళ్ల రోడ్ల కింద ఉన్నాయో గానీ, క్రషర్ కాగితాల్లో ఆ మనిషే లేడు.

అర్జీ పెట్టారు. విచారణ రోజున అతను బస్సెక్కే స్థితిలో లేకపోతే భార్యా, ఆశా అక్కా తిరువూరు బస్సు పట్టుకుని బెజవాడ లేబర్ ఆఫీసుకెళ్లారు. యజమాని రాలేదు, గుమస్తా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, పక్కన వకీలు.

"మాకు ఆయన ముక్కూ మొహం తెలీదు సార్. రోజుకి ఎందరో వస్తారు పోతారు. మా దగ్గర పని చేసినట్టు ఒక్క కాగితం చూపించమనండి."

"ఏవమ్మా, కాగితం ఏదన్నా ఉందా?" అన్నాడు ఆఫీసరు.

"కాగితం లేదు బాబూ" అంటూ ఆమె ఎరువుల సంచిలోంచి ఒక చుట్ట తీసింది. విప్పబోతే ఒక్క మనిషి చేతులకి చాల్లేదు. రెండో కొస అటెండరు పట్టుకున్నాడు. వంటపాక గోడకి కట్టింది కాబట్టి ఒక పక్క పొగచూరి ఉంది, చుట్టూ మేకుల చిల్లులు. ఫొటో మాత్రం చెక్కుచెదరలేదు. చేతిలో టానిక్కు సీసాతో అతను నిలబడ్డాడు, యజమాని అతని భుజం మీద చెయ్యేసి నవ్వుతున్నాడు. పైన క్రషర్ పేరు, కింద శిబిరం తేదీ, మధ్యలో ఇంతింత అక్షరాలతో ‘మా కార్మికుల ఊపిరే మా ఊపిరి’.

ఆఫీసరు కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివాడు. తర్వాత గుమస్తా వైపు తిరిగాడు.

"పోనీ, ఆ పక్కనున్నాయన మొహమన్నా తెలుసా?"

కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాలకి ఆమె ఆ చుట్ట చంకన పెట్టుకునే వెళుతోంది. మొన్న క్రషర్‌లో మళ్లీ శిబిరం జరిగింది. అదే షామియానా, అవే ఎర్ర సీసాలు. ఫ్లెక్సీ ఇంకా పెద్దది వేయించారు. ‘పరిసర గ్రామాల ప్రజలకు’ అని రాసి ఉంది. ఫొటోలో ఈసారి యజమాని ఒక్కడే ఉన్నాడు, రెండు చేతులూ జోడించి నమస్కారం పెడుతూ.