మ్యాన్‌హోల్ పాత్రలో ఒక పౌరుడు

నగరం భవిష్యత్తు ఎలా ఉండాలో ఇక ప్రేక్షకులే చెప్పాలట. టికెట్టు కొనుక్కుని నాటకానికి వెళితే కూర్చోనివ్వరు. అందర్నీ లేపి గుండ్రంగా నిలబెట్టి, కళ్లు మూసుకోమని, ‘మీరిప్పుడు 2050లో ఉన్నారు’ అంటారు. కళ్లు తెరిచేసరికి చేతిలో స్కెచ్ పెన్ను, పసుపు చీటీ. ఒకరు ‘పచ్చదనం’ అని రాస్తారు, ఇంకొకరు ‘ఎగిరే బస్సులు’ అంటారు. చీటీలన్నీ గోడకెక్కుతాయి.

నాటకాల అలవాటు లేని పెద్దమనిషెవరో, పాపం, ‘మా వీధి మ్యాన్‌హోల్‌కి మూత ఎప్పుడేస్తారండీ?’ అని అడిగాడనుకోండి. నిర్వాహకుడి కళ్లు మెరుస్తాయి. ‘అద్భుతం సార్! ఆ బాధను మీ శరీరంతో చూపించండి.’ ఆయన మోకాళ్లు పట్టుకుని గొంతుక్కూర్చుంటాడు. నోరు తెరవమంటారు. తెరుస్తాడు. చప్పట్లు. మ్యాన్‌హోల్ సమస్య కళాత్మకంగా పరిష్కారమైపోయింది.

కిటుకంతా ఆ ఏడాదిలోనే ఉంది. 2050యే ఎందుకు, వచ్చే జూన్ అనొచ్చుగా? జూన్‌లో అయితే వానలొస్తాయి, నాలా పొంగుతుంది, నిలదీయడానికి ఒక ఇంజనీరు దొరుకుతాడు. 2050 నాటికి ఇప్పుడు సంతకాలు పెడుతున్నవాళ్లలో చాలామంది పింఛను పుచ్చుకుంటుంటారు. ఆ ఏడాది గురించి ఎంత విప్లవంగా కలగన్నా ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదు. పైగా ఈ కలగనే భాగ్యం అందరికీ దక్కదు. 2024లో హైదరాబాద్ మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద కూల్చివేతకు గుర్తుగా ఎర్రక్షరాలు రాసి వెళ్లినప్పుడు, లోపలున్నవాళ్ల చేతికి స్కెచ్ పెన్ను ఎవరూ ఇవ్వలేదు. వాళ్ల భవిష్యత్తును వేరేవాళ్లు ఊహించిపెట్టారు.

ప్రేక్షకుణ్ని వేదికెక్కించడం తప్పని నేననను. బ్రెజిల్‌లో ఆ పని చేసిన అగస్టో బోల్ పేరు మన నిర్వాహకులు మాటకు ముందోసారి, వెనకోసారి తలుచుకుంటారు. కథ మాత్రం సగమే చెబుతారు. 1992లో ఆయన రియో డి జనీరో నగర మండలికి పోటీచేసి గెలిచాడు. జనం ఆడి చూపించిన ఇక్కట్లను చట్టం భాషలో రాయించి సభలో పెట్టాడు. అలా 13 చట్టాలయ్యాయి. మునిసిపల్ ఆసుపత్రుల్లో వృద్ధుల వైద్య నిపుణులు ఉండి తీరాలన్నది వాటిలో ఒకటి. అక్కడ ముసలివాళ్లు నటిస్తే చట్టమొచ్చింది. ఇక్కడ నటిస్తే ఫొటో వస్తుంది.

ఆ 1992లోనే మన పార్లమెంటు 74వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్నచోట వార్డు కమిటీలు ఉండాలంది. పౌరుడు అడగడానికి, అవతలివాడు జవాబు చెప్పడానికి అసలు వేదిక అది. టికెట్టు లేదు, లైటింగూ అక్కర్లేదు. ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో మీ కార్పొరేటర్‌ని అడిగి చూడండి, ముఖంలో నవరసాలూ పలుకుతాయి.

నిర్వాహకులకో మనవి. వచ్చే ప్రదర్శన సోమవారం పొద్దున్న, ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి వేళకి, మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద పెట్టండి. కథాకాలం వచ్చే వర్షాకాలం. కమిషనర్ గారికి కమిషనర్ పాత్రే ఇవ్వండి. ఏ పని ఏ తేదీకి చేయిస్తారో జనం ముందు చెప్పడమే ఆయన డైలాగు. అయితే ముందు మీ స్పాన్సర్లను ఒక మాట కనుక్కోండి, గ్రాంటు ఆగిపోతుందేమో.